గాలిని ఉరికించడం సులువు, నిదానం చేయడమే కష్టం: కర్నూలు సభలో ఇచ్చిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వినపడుతోందా? సరే. ఫ్యాన్లు రోంచేపు ఆపమని నేనే చెప్పినా, ఎందుకంటే ఈ టేబుల్ మీద ఒక ప్రయోగం పెట్టుకున్నాం, దానికి పక్క గాలి తగిలితే మీకు చూపియ్యాల్సింది కనపడదు. ఒక అర్ధగంట ఉక్కపోత ఓర్చుకోండి, అది అయిపోతానే మళ్ళా వేస్తారు.

కర్నూల్లో ఉండేవాళ్ళు కేసీ కెనాల్ చూడకుండా ఉండరు. హంద్రీ మీద నుంచి కెనాల్ దాటే అక్విడక్టు ఉంది కదా. ఇట్లాంటి కట్టడం యాడైనా సరే, కాల్వ వెడల్పుగా వస్తాది, ఏరు దాటే చోట ఇరుకవుతాది, దాటినాక మళ్ళా వెడల్పవుతాది. సివిల్ చదివే పిల్లలు ఈ డ్రాయింగు వేసే ఉంటారు. ఇరుకయ్యే వైపు గోడలకి రెండుకి ఒకటి చాలంటారు, అంటే గోడ ఒక మీటరు లోపలికి జరగాలంటే పొడవున రెండు మీటర్లు ఇయ్యాల. అదే వెడల్పయ్యే వైపు మూడుకి ఒకటి కన్నా తక్కువ పెట్టొద్దంటారు. అవే నీళ్ళు, అదే కాల్వ, అదే సున్నం గోడ, మరి లోపలికి పోయేటప్పుడు ఒక లెక్క, బయటికి వచ్చేటప్పుడు ఇంకో లెక్క ఎందుకు? ఈరోజు నేను చెప్పేదంతా ఈ ఒక్క ప్రశ్నకి జవాబే. నీళ్ళని గానీ గాలిని గానీ తొందరపెట్టడం శానా సులువు, దాన్ని పద్ధతిగా నిదానం చేయడమే కష్టం, ఆ కష్టం ఎక్కడుందంటే గోడని ఆనుకుని ఉండే ఒక పల్చటి పొరలో ఉంది. దాని పేరు బౌండరీ లేయర్.

ముందు ఆ పొర సంగతి. గాలి ఏ వస్తువు మీదుగా పోయినా, ఆ వస్తువుని తాకే గాలి కదలదు. ఫ్యాను రెక్క ఎంత స్పీడుగా తిరిగినా దాని మీద దుమ్ము పట్టే ఉంటాది చూడండి, రెక్కని ఆనుకున్న చోట గాలి రెక్కతో పాటే తిరుగుతాది, దుమ్ముని ఊడ్చేంత బలం దానికి అక్కడ ఉండదు. గోడ దగ్గర సున్నా, రోంత పైకి పోతే పూర్తి స్పీడు, ఈ రెండిటి మధ్య ఉండే మందమే బౌండరీ లేయర్. ఎంత మందం ఉంటాదో ఒక లెక్క చూద్దాం. సెకనుకి 5 మీటర్ల గాలి, అంటే గంటకి 18 కిలోమీటర్లు, ఒక మీటరు పొడవున్న నున్నటి పలక మీదుగా పోతాంది అనుకోండి. పలక చివర రేనాల్డ్స్ నంబర్, అంటే ప్రవాహం ఊపుకీ జిగట రాపిడికీ ఉండే నిష్పత్తి, సుమారు 3 లక్షల 30 వేలు వస్తాది. బ్లాసియస్ 1908లో ఇచ్చిన సూత్రం ప్రకారం, దూరాన్ని ఐదుతో గుణించి రేనాల్డ్స్ నంబర్ వర్గమూలంతో భాగిస్తే మందం వస్తాది, ఇక్కడ 9 మిల్లీమీటర్లకి రోంత తక్కువ. మీటరు పొడవు పలక మీద వేలు లావు కూడా లేని పొర. అంత చిన్నదాన్ని ఎవరు పట్టించుకుంటారు అనిపిస్తాది కదా? నూటయాభై ఏళ్ళు నిజంగానే ఎవరూ సరిగ్గా పట్టించుకోలేదు. 1752లో డాలంబేర్ అనే ఫ్రెంచి ఆయన లెక్క వేసి చూపించినాడు, విస్కాసిటీ, అంటే గాలికీ నీళ్ళకీ ఉండే జిగట, లేదనుకుంటే ప్రవాహంలో ఉన్న వస్తువు మీద నిరోధం సున్నా వస్తాది అని. ముందు భాగంలో తోసే ప్రెజరు, వెనక భాగంలో తిరిగి ముందుకి తోసే ప్రెజరు, రెండూ సరిగ్గా కొట్టేసుకుంటాయి. లెక్కలో తప్పు లేదు, కానీ వంకలో కాలు పెట్టినోడికి ఎవరికైనా తెలుసు నీళ్ళు తోస్తాయని.

ఈ చిక్కు విప్పింది లుడ్విగ్ ప్రాంటల్ అనే జర్మన్ ఇంజనీరు. ఆయన గురించి రెండు మాటలు ఎక్కువే చెప్తా, ఎందుకంటే ఈ కథ అందరూ 1904 నుంచి మొదలుపెడతారు, నాకైతే అంతకు ముందుదే ముఖ్యం. 1900 ప్రాంతంలో ఆయన న్యూరెంబర్గులో ఒక మెషిన్ల ఫ్యాక్టరీలో పని చేసేవాడు. అక్కడ కోతల పొట్టూ తుక్కూ పీల్చేసే గాలి గొట్టాల ఏర్పాటు బాగుచేసే పని ఆయనకి అప్పగించినారు. ఆ ఏర్పాట్లో మెల్లగా వెడల్పయ్యే గొట్టం ఒకటి ఉంటాది, వెడల్పయితే గాలి నిదానిస్తాది, నిదానిస్తే ప్రెజరు పెరగాల, అది బెర్నూలీ చెప్పే మాట. కానీ పెరగాల్సినంత పెరగలేదు. చూస్తే గాలి గోడని వదిలేసి మధ్యలో నుంచి దూసుకుపోతాంది. గోడని ఎందుకు వదిలేసిందీ అన్న ప్రశ్న ఆయన్ని విడవలేదు. ఫ్యాక్టరీ విడిచి హానోవర్లో ప్రొఫెసరుగా చేరినా కూడా అదే ఆలోచన. చేత్తో తిప్పే చక్రం ఉన్న చిన్న నీళ్ళ తొట్టి చేసుకుని, నీళ్ళల్లో మెరిసే రేణువులు వేసి, ప్రవాహం ఎట్ల పోతాందో ఫోటోలు తీసినాడు. 1904 ఆగస్టులో హైడెల్‌బర్గులో గణిత శాస్త్రవేత్తల అంతర్జాతీయ మహాసభలో పది నిమిషాల ప్రసంగం, దాని పాఠం అచ్చులో ఎనిమిది పేజీలు, అప్పటికి ఆయన వయసు 29. విస్కాసిటీ ఎంత తక్కువున్నా సరే గోడ పక్క పల్చటి పొరలో దాని మాట చెల్లుతాది, బయట మాత్రం లేనట్టే అనుకోవచ్చు, అని ప్రవాహాన్ని రెండు ముక్కలు చేసి చూపించినాడు. ఈరోజు విమానం, టర్బైను, కారు, దేని డిజైనైనా ఆ ఎనిమిది పేజీల నుంచే మొదలవుతాది. మన పుస్తకాల్లో బౌండరీ లేయర్ని పలక మీద మొదలుపెట్టి, ప్రెజర్ గ్రేడియంటుని చివర్లో ఒక సెక్షన్లో పెట్టి, టైం లేకపోతే వదిలేస్తారు. అసలు ఆ సిద్ధాంతం పుట్టిందే ప్రెజరు ఎదురు తిరిగిన గొట్టంలో. దాన్ని చివరికి తోయడం నాకు ఏనాడూ నచ్చలేదు.

ఇంక ప్రెజర్ గ్రేడియంట్ అంటే, ప్రవాహం పోయే దారి పొడవునా ప్రెజరు ఎట్ల మారుతాందీ అన్నదే. ముందుకు పోయేకొద్దీ ప్రెజరు తగ్గుతాంటే అది అనుకూలం, వెనక ఎక్కువ ముందు తక్కువ కాబట్టి గాలిని ముందుకే తోస్తాది. పెరుగుతాంటే ఎదురు. బయట ప్రవాహం ఉరుకుతాంటే ప్రెజరు తగ్గుతాది, నిదానిస్తే పెరుగుతాది. కాల్వలో అయితే ప్రెజరంటే నీటి మట్టమే అనుకోండి, ఇరుకైన చోట మట్టం రోంత దిగుతాది, మళ్ళా వెడల్పయ్యే చోట నీళ్ళు ఎత్తుకి ఎక్కాల.

ఇప్పుడు అసలు కిటుకు. ఆ పల్చటి పొరకి అడ్డంగా, అంటే గోడ నుంచి పైకి, ప్రెజరు దాదాపు మారదు. బయట ఎంత ఉంటే గోడ దగ్గరా అంతే. అంటే బయట పోయే గాలికి ఎంత ఎదురు తోపుడు ఉంటాదో, గోడ పక్కన కుంటుకుంటూ పోయే గాలికీ అంతే ఎదురు తోపుడు. ఆత్మకూరు నుంచి దోర్నాల పోయే ఘాట్ రోడ్డు తెలుసు కదా, అక్కడ ఎత్తు మొదలయ్యే చోట ఇంజన్లన్నీ ఆపేసి ఊపు మీదనే ఎక్కమన్నారు అనుకోండి. స్పీడుగా వచ్చిన బస్సు రోంత నిదానించినా ఎక్కేస్తాది. పక్కనే ఈడుస్తూ వచ్చిన లోడు లారీ సగంలో ఆగుతాది, ఆగి వెనక్కి జారుతాది. ఎత్తు ఇద్దరికీ ఒకటే, ఊపే వేరు. బౌండరీ లేయర్లో గోడ పక్క గాలి ఆ లారీ లాంటిది. అది ఆగి వెనక్కి జారడం మొదలుపెట్టిన చోటునే సెపరేషన్ అంటారు. పై గాలి ఆ జారిన గాలి మీదుగా ఎక్కి గోడకి దూరంగా పోతాది, మధ్యలో సుడులు తిరిగే చోటు ఒకటి మిగిలిపోతాది.

ఈ మాటనే ఇంజనీరింగ్ పిల్లలకి ఇంకోరకంగా చెప్తా, శ్రద్ధగా వినండప్పా, పరీక్షలో బొమ్మ వేస్తారు గానీ దాని వెనక కారణం రాయరు. గోడని ఆనుకున్న గాలికి స్పీడు లేదు, స్పీడు లేదు కాబట్టి ఊపూ లేదు. దాని మీద పని చేసేవి రెండే, ప్రెజర్ తోపుడు, పక్క పొరల రాపిడి. ఈ రెండూ సరిగ్గా సరిపోవాల, మూడోది లేదు. ఎదురు ప్రెజరు వెనక్కి తోస్తాంటే, దాన్ని నిలబెట్టాలంటే పై పొర ముందుకి లాగే లాగుడు కింద గోడ వెనక్కి పట్టే పట్టు కన్నా ఎక్కువ ఉండాల. అంటే రాపిడి గోడ దగ్గర తక్కువ, రోంత పైకి పోతే ఎక్కువ, ఇంకా పైకి పోయి పొర అంచుకి చేరితే మళ్ళా సున్నా. రాపిడంటే ఏంది, స్పీడు ఎంత గబుక్కున మారుతాందో అదే కదా. కాబట్టి స్పీడు గీత గోడ దగ్గర ఒకవైపు వంగి, పైన ఇంకోవైపు వంగాల్సిందే, మధ్యలో మలుపు బిందువు తప్పదు. ఎదురు ప్రెజరు ఉన్న ప్రతి బౌండరీ లేయర్లో ఆ మలుపు ఉంటాది, ఎవరూ తప్పించలేరు. అనుకూల ప్రెజరు ఉంటే లెక్క తిరగబడతాది, రాపిడి గోడ దగ్గరే అన్నిటికన్నా ఎక్కువ, గీత నిండుగా ఉంటాది, మలుపు అసలు రాదు. ఎదురు ప్రెజరు పెరిగేకొద్దీ గోడ దగ్గర రాపిడి తగ్గుతా తగ్గుతా సున్నా అవుతాది, ఆ సున్నా అయిన చోటే సెపరేషన్, అది దాటితే గోడ పక్కన ప్రవాహం వెనక్కే.

ఆ మలుపు బిందువు ఊరికే బొమ్మలో అందానికి కాదు. లార్డ్ రేలీ 1880లోనే చెప్పినాడు, విస్కాసిటీ లేని ప్రవాహం నిలకడ తప్పాలంటే స్పీడు గీతలో మలుపు ఉండాల అని. అంటే ఎదురు ప్రెజరు రెండు పనులు ఒకేసారి చేస్తాది, ఒకపక్క గాలిని గోడ నుంచి విడదీయాలని చూస్తాది, ఇంకోపక్క నున్నగా పోయే లామినార్ ప్రవాహాన్ని కలత పెట్టి టర్బులెంట్, అంటే సుడులతో గందరగోళంగా, చేయాలని చూస్తాది. ఏది ముందు జరుగుతాదీ అన్నదాని మీదే శానా కథ ఉంది, దానికి వస్తా.

లామినార్ పొర ఎంత సుకుమారమో మీకు రెండు నంబర్లు చెప్తా. బయట స్పీడు దూరంతో పాటు సమంగా తగ్గుకుంటూ పోయే ప్రవాహాన్ని హోవర్త్ అనే ఆయన 1938లో లెక్క కట్టినాడు. మొదటి స్పీడులో కేవలం 12 శాతం తగ్గేసరికే పొర విడిపోతాది. వందతో వచ్చినోడు ఎనభై ఎనిమిదికి దిగితే చాలు, అంతే. రెండోది, 1931లో ఫాక్నర్, స్కాన్ అని ఇద్దరు ఒక కుటుంబం లెక్కలు ఇచ్చినారు, అందులో స్పీడు దూరం యొక్క ఏదో ఒక ఘాతంగా మారుతాది. ఆ ఘాతం మైనస్ 0.09 దగ్గర గోడ రాపిడి పూర్తిగా సున్నా. క్యాలిక్యులేటర్ ఉన్నోళ్ళు కొట్టి చూడండి, దూరం రెండింతలయ్యేసరికి స్పీడు 6 శాతం తగ్గితే వచ్చే ఘాతం అది. అంత మాత్రానికే గోడ మీద పట్టు పోతాది. అదే ఉరికించే వైపు పరిమితే లేదు, రెండింతలు చెయ్యి, పదింతలు చెయ్యి, పొర ఇంకా పల్చనై గోడకి అతుక్కుంటాది. విండ్ టన్నెల్, అంటే గాలి తోలి వస్తువుల్ని పరీక్షించే గొట్టం, దాని ఫోటో ఎప్పుడైనా చూస్తే గమనించండి, ముందు ఉండే ఇరుకు భాగం పొట్టిగా ఉంటాది, గాలి స్పీడు అక్కడ ఎన్నో రెట్లు పెరిగిపోతాది, వెనక వెడల్పయ్యే భాగం మాత్రం ఎంతో పొడవు, గోడల మధ్య కోణం మొత్తం కలిపి ఐదారు డిగ్రీలు.

సరే, చెప్పింది శాలు, ఇప్పుడు చూద్దాం. ఆ అమ్మాయి ఎవరమ్మా ముందు వరసలో, రా, సాయం చెయ్యి. ఇక్కడ చిన్న బ్లోయర్ ఉంది, దాని ముందు కూల్‌డ్రింకు స్ట్రాలు కట్టగా కట్టి పెట్టినాం, గాలి మెలికలు తిరగకుండా తిన్నగా రావాలని. దాని తర్వాత అట్టతో చేసిన చతురస్రపు గొట్టం, పైన తెరుచుకున్నచోట ప్లాస్టిక్ షీటు వేసినాం, లోపలికి కనపడాల కదా. గొట్టం చివర ఒక పక్క గోడ మాత్రం తలుపు మాదిరి తిరుగుతాది, దాని మీద ఉలెన్ దారం ముక్కలు వరసగా అతికించినాం, వేలంత పొడవు. ఆన్ చెయ్యమ్మా. కెమెరా ఉన్నాయన రోంత దగ్గరికి రండి, వెనకున్నోళ్ళు స్క్రీన్ మీద చూస్తారు.

ఇప్పుడు తలుపు తిన్నగా ఉంది, దారాలన్నీ గోడకి అతుక్కుని పడుకుని ఉండాయి. రోంత తెరువు. ఇంకో రోంత. చూడండి, చివరి వరస దారాలు వణుకుతాండాయి, మొదటి వరస మాత్రం ఇంకా కదల్లేదు. ఇక్కడ ఎదురు ప్రెజరు మొదలైంది, పొర లావవుతాంది. ఇంకా తెరువమ్మా, నిదానంగా... ఆ! చూసినారా? చివరి వరస దారాలు లేచి, తల తిప్పి బ్లోయర్ వైపు చూపిస్తాండాయి! గాలి అటు నుంచి ఇటు వస్తాంది, దారం మాత్రం ఇటు నుంచి అటు. వెనక్కి జారిన లారీ అదే. ఇంకా తెరిస్తే ఆ తిరుగుడు ముందు వరస దాకా పాకుతాది, చూడండి పాకుతాంది. ఇప్పుడు గాలి ఆ గోడని పూర్తిగా వదిలేసింది, అటువైపు గోడ పట్టుకుని పోతాంది. గోడ ఉన్నా లేనట్టే. ఎంత కోణం వచ్చింది, ప్రొట్రాక్టర్ పెట్టినారు కదా? అది మీరే ఇంటికాడ చేసుకుని చూడాల, గోడ పొడవుని బట్టి మారుతాది, పొట్టి గోడకి ఎక్కువ కోణం ఓర్చుకుంటాది, పొడుగు గోడకి తక్కువ.

ఆగమ్మా, ఇంకోటి ఉంది. బ్లోయర్ ఆపు. తలుపు కీలుకి రోంత ముందు ఈ చిన్న రెక్కలు అతికిద్దాం. విజిటింగ్ కార్డు కత్తిరించి చేసినవే, త్రికోణాలు, ఒకటి కుడికి ఏటవాలు, ఒకటి ఎడమకి, జతలు జతలుగా. ఎత్తు సెంటీమీటరు కూడా లేదు. తలుపు అట్లే ఉండనీ, కదపొద్దు. ఇప్పుడు ఆన్ చెయ్యి. చూడండి దారాలు. అన్నీ కాదు గానీ, రెక్కల వెనక ఉండేవి మళ్ళా పడుకున్నాయి. (చప్పట్లు) కోణం అదే, గాలి అదే. ఆ రెక్కలు ఏం చేసినాయంటే, సన్నటి సుడులు పుట్టించి పైన ఉన్న స్పీడు గాలిని కిందికి, కింద ఉన్న నీరసం గాలిని పైకి కలిపేసినాయి. గోడ పక్క గాలికి కొత్త ఊపు వచ్చింది. దీన్నే వోర్టెక్స్ జనరేటర్ అంటారు, 1940ల చివర్లో వచ్చింది, ఇప్పుడు విమానం రెక్కల మీద వరసగా కనిపిస్తాయి. అనంతపురం దిక్కు రామగిరి, ఉరవకొండ, కళ్యాణదుర్గం పోతాంటే కొండల మీద గాలిమరలు చూస్తారు కదా, పెద్ద గాలిమరల రెక్కల మీద, మొదలు దగ్గర లావుగా ఉండే చోట, ఇట్లాంటి చిన్న రెక్కలు శానావాటికి అతికిస్తారు. అక్కడ రెక్క లావు, వెనక ఒక్కసారిగా సన్నమవుతాది, ఎదురు ప్రెజరు ఎక్కువ, విడిపోయే గుణం అక్కడే ఎక్కువ. థ్యాంక్సమ్మా, కూర్చో. ఫ్యాన్లు వేసేయండప్పా.

ఇప్పుడు టర్బులెంట్ సంగతి. ఆ రెక్కలు చేసిన కలిపే పనే టర్బులెంట్ ప్రవాహం తనంతట తాను చేస్తాది. అందుకే టర్బులెంట్ పొర ఎదురు ప్రెజరుని లామినార్ కన్నా ఎంతో ఎక్కువ ఓర్చుకుంటాది. గోడ రాపిడి ఎక్కువ, ఒప్పుకుంటా, కానీ విడిపోకుండా ఎక్కువ దూరం పోతాది. ఒక బంతి తీసుకోండి. ముందు నడినెత్తి నుంచి కొలిస్తే, పక్కన లావైన చోటు 90 డిగ్రీలు. లామినార్ పొర సుమారు 80 డిగ్రీల దగ్గరే విడిపోతాది, లావైన చోటు కూడా దాటదు, బంతి వెనకంతా ఖాళీ సుడులే. టర్బులెంట్ పొర 120 డిగ్రీల దాకా పట్టుకుని ఉంటాది, వెనక సుడుల చోటు చిన్నదవుతాది, నిరోధం సగానికి పైగా పడిపోతాది.

దీని మీద ఒక గొడవ జరిగింది. పారిస్‌లో టవర్ కట్టిన ఐఫెల్ ఉన్నాడే, ఆయనే, పెద్ద వయసులో విండ్ టన్నెల్ పెట్టుకుని 1912లో గోళాల మీద నిరోధం కొలిచినాడు. జర్మనీలో గోటింగెన్‌లో ప్రాంటల్ వాళ్ళకి వచ్చిన నంబరు కన్నా ఆయనకి సగం కూడా రాలేదు. ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు. ఐఫెల్ స్పీడు ఎక్కువ పెట్టినాడు, ఆయన పొర టర్బులెంట్ అయిపోయింది. 1914లో ప్రాంటల్ ఏం చేసినాడంటే, తన గోళానికి ముందు వైపు సన్నటి తీగ చుట్టినాడు. నున్నటి గోళానికి తీగ చుడితే నిరోధం పెరగాల అనుకుంటారు ఎవరైనా, తగ్గింది. పొగ పెట్టి చూపిస్తే విడిపోయే చోటు వెనక్కి జరిగింది. ఈ ప్రయోగం చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తాది, ఒక తీగ ముక్కతో రెండు దేశాల ల్యాబుల తగాదా తీరిపోయింది.

క్రికెట్ ఆడే పిల్లలు ఇదే పని రోజూ చేస్తాండారు. 2024లో అనంతపురంలో దులీప్ ట్రోఫీ మ్యాచులు జరిగినాయి కదా, పోయి చూసినోళ్ళు ఉంటే గుర్తు చేసుకోండి. కొత్త బంతి, సీము రోంత స్లిప్పు వైపు వంచి పట్టుకుంటాడు బౌలరు. గంటకి 130 కిలోమీటర్ల బంతికి రేనాల్డ్స్ నంబర్ లక్షా డెబ్బై వేల చిల్లర, నున్నటి వైపు పొర తనంతట తాను టర్బులెంట్ కాలేదు, లామినార్‌గానే పోయి తొందరగా విడిపోతాది. సీము ఉన్న వైపు కుట్లు ప్రాంటల్ తీగ పని చేస్తాయి, అక్కడ పొర టర్బులెంట్ అయి ఎక్కువ దూరం పట్టుకుని ఉంటాది. బంతి వెనక గాలి ఒక పక్కకి మళ్ళుతాది, బంతి రెండో పక్కకి, అంటే సీము చూపించే పక్కకి తిరుగుతాది. ఔట్‌స్వింగరంటే అంతే. స్పీడు ఇంకా ఎక్కువుంటే సీముకి చేరకముందే రెండు వైపులా టర్బులెంట్ అయిపోతాది, అప్పుడు సీము మేలు చేయకపోగా తన వైపు పొరని ఇంకా లావు చేసి ముందే విడిపోయేటట్టు చేస్తాది, బంతి తిరగబడి పోతాది. రివర్స్ స్వింగ్.

అనుకూల ప్రెజరు సంగతి తక్కువ చెప్పినా, దాంట్లో మనోళ్ళ పని ఉంది కాబట్టి చెప్పకుండా వదలను. రొద్దం అంటే మీకు పెనుకొండ దగ్గర ఊరు గుర్తుకొస్తాది. ఆ పేరు ముందు పెట్టుకున్న శాస్త్రవేత్త రొద్దం నరసింహ, బెంగళూరు ఐఐఎస్‌సీలో సతీష్ ధవన్ దగ్గర చదువుకున్నారు, ఇప్పుడు శ్రీహరికోట కేంద్రానికి పేరున్న ధవన్ ఆయనే. నరసింహ జీవితమంతా బౌండరీ లేయరే. లామినార్ నుంచి టర్బులెంట్‌కి మారేటప్పుడు మధ్యలో ఏం జరుగుతాదో 1950ల్లోనే చెప్పినారు. తర్వాత 1973లో శ్రీనివాసన్‌తో కలిసి తిరుగు ప్రయాణం గురించి రాసినారు. టర్బులెంట్ పొరని తీసుకుని బయట ప్రవాహాన్ని గట్టిగా ఉరికిస్తే, అది మళ్ళా లామినార్ లాగా ప్రవర్తిస్తాది. కలిసిపోయిన గందరగోళం తిరిగి క్రమంలోకి వచ్చినట్టు కనపడతాది! వాళ్ళు చెప్పిన కారణం ఏందంటే, ఆ కలత చచ్చిపోవడం కాదు, ప్రెజరు అంత గబుక్కున తోస్తాంటే కలతకి స్పందించేంత టైం ఉండదు, దాని మాట చెల్లకుండా పోతాది. జెట్ ఇంజను టర్బైన్ బ్లేడ్ల మీద, రాకెట్ నాజిల్లో ఇది జరుగుతాది, గోడకి వేడి ఎంత తగులుతాదీ అన్న లెక్క దీంతోనే మారిపోతాది. 2020 డిసెంబర్లో ఆయన పోయినారు. మన పిల్లలకి ఆయన పేరు తెలియాల.

ఇంక ప్రశ్నలు అడగండి.

(ఒక విద్యార్థి: సార్, సెపరేషన్ ఎప్పుడూ చెడ్డదేనా?)

కాదు నాయనా, మంచి ప్రశ్న. పాత తరం చిన్న గాలిమరల్లో శానావాటికి రెక్క తన ఇరుసు మీద తిరగదు, బిగించేసి ఉంటాది. గాలి మరీ ఎక్కువైతే జనరేటర్ కాలిపోకుండా ఎట్ల ఆపాల? రెక్క ఆకారాన్నే అట్ల చెక్కుతారు, గాలి ఒక హద్దు దాటితే రెక్క వెనక పొర తనంతట తాను విడిపోయి, లాగే బలం పడిపోతాది. మోటరు లేదు, సెన్సర్ లేదు. ఎదురు ప్రెజరునే కాపలా పెట్టినారు. కాకపోతే ఎప్పుడు విడిపోతాదో ముందుగా కచ్చితంగా చెప్పడం కష్టం, రెక్క మీద దుమ్మూ పురుగులూ అంటుకుంటే కూడా మారిపోతాది, అందుకే పెద్ద మరలు వచ్చేసరికి రెక్క తిప్పే పద్ధతికి పోయినారు.

(ఒక విద్యార్థిని: సార్, పైపులో ప్రెజరు తగ్గుతా పోతాది కదా, మరి పైపులో సెపరేషన్ ఉండదా?)

ఒకే సైజు తిన్నటి పైపులో ఉండదమ్మా. అక్కడ ప్రెజరు ముందుకు పోయేకొద్దీ తగ్గుతానే ఉంటాది, రాపిడిని ఎదుర్కోవాల కాబట్టి, అంటే ఎప్పుడూ అనుకూలమే. బెండు దగ్గర, వాల్వు దగ్గర, సైజు పెరిగే చోట మాత్రం ఉంటాది, అక్కడ గోడ మీద ప్రెజరు పెరుగుతాది.

(వెనక నుంచి ఒక పెద్దాయన: అట్లయితే సారూ, మాకు బోరు మోటరు డెలివరీ మూడించులుంది, లైను నాలుగించులు వేసినాం, మధ్యలో ఉన్న జాయింటు పొట్టిగా ఉంది, ఒక్కసారిగా వెడల్పవుతాది. దానివల్ల నీళ్ళు తగ్గుతాండాయా?)

కూర్చోండి పెద్దాయనా, లెక్క వేసి చెప్తా. మూడు నుంచి నాలుగుకి పోతే స్పీడు దాదాపు సగానికి పడిపోతాది, 56 శాతం మిగులుతాది. ఒక్కసారిగా వెడల్పయితే పోయే శక్తికి బోర్డా, కార్నో పేర్లతో సూత్రం ఉంది, స్పీడులో వచ్చిన తేడాని వర్గం చేసి గురుత్వ త్వరణానికి రెట్టింపుతో భాగించాల. మీ మూడించుల పైపులో నీళ్ళు సెకనుకి 3 మీటర్లు పోతాండాయనుకుంటే, పోయేది 9 సెంటీమీటర్ల ఎత్తుకి సమానం. మీ బోరు నీళ్ళు ఎంత లోతు నుంచి లేస్తాండాయి? నాలుగు వందల అడుగులా? దాని ముందు 9 సెంటీమీటర్లు లెక్కలోకే రాదు, ఆ జాయింటు మార్చడానికి రూపాయి ఖర్చు పెట్టొద్దండి. నాలుగించులు వేసి మంచి పని చేసినారు, పొడవు లైనులో రాపిడి దానివల్లే తగ్గింది.

ఇది యాడ లెక్కలోకి వస్తాదంటే, స్పీడు ఎక్కువ ఉండి అందే ఎత్తు తక్కువ ఉన్న చోట. సెకనుకి 10 మీటర్ల స్పీడుతో పోయే నీళ్ళల్లో ఉండే శక్తి 5 మీటర్ల ఎత్తుకి సమానం. శ్రీశైలం కుడిగట్టు పవర్ హౌసులో 110 మెగావాట్ల మెషిన్లు ఏడు ఉండాయి, ప్రతి టర్బైను కింద వంగి మెల్లగా వెడల్పయ్యే పెద్ద గొట్టం ఉంటాది, డ్రాఫ్ట్ ట్యూబ్ అంటారు. టర్బైను దాటినాక కూడా నీళ్ళల్లో మిగిలిన ఆ స్పీడుని నిదానం చేసి వెనక్కి రాబట్టుకునేది అదే. అది మెల్లగా వెడల్పవకుండా గబుక్కున వెడల్పయితే పొర విడిపోయి, ఆ మిగిలిన స్పీడంతా సుడులై కృష్ణలో కలిసిపోతాది. అందుకే టర్బైను రన్నరు, అంటే నీళ్ళకి తిరిగే చక్రం, ఎంత జాగ్రత్తగా డిజైన్ చేస్తారో ఆ కాంక్రీటు గొట్టాన్నీ అంతే జాగ్రత్తగా మోడల్ కట్టి టెస్టు చేస్తారు. మీకు బోరు కాడ కాదు పెద్దాయనా, అక్కడ ఈ చదువు అక్కరకొస్తాది. ఇంకెవరన్నా ఉన్నారా? ఎవరూ లేకపోతే ఆ దారాల పెట్టె ఇక్కడే ఉంటాది, పిల్లలు వచ్చి తలుపు తిప్పి చూసుకోవచ్చు.